వెనక షట్టరు

మే 9, శుక్రవారం

భాస్కర్ వచ్చాడు. పొద్దున్న గేదె దగ్గరికి వెళ్తుంటే గేటు అవతల నిలబడి ఉన్నాడు. కారు లేదు. ఎవరిదో మోటారు సైకిలు. చొక్కా భుజం మీద మసి, ఒక కనుబొమ సగం కాలినట్టుంది.

"రెస్టు కావాలక్కా. నాలుగు రోజులుంటాను. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

తమ్ముడు అక్క ఇంటికి రావడంలో వింతేమీ లేదు. మేడ మీద గది ఊడ్చి, దుప్పటి మార్చి ఇచ్చాను. పడుకున్నాడు.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్ళూ అలమరాలో పడుంది. ఇవాళ ఎందుకో తీశాను. మధ్యాహ్నం, వంట అయిపోయింది. మేడ మీద చప్పుడు లేదు.

అదే రోజు, సాయంత్రం

టీవీలో చూపించారు. రాజమండ్రి బయట హైవే పక్కనున్న రంగుల గోడౌను. నిన్న మధ్యాహ్నం అంటుకుందట, ఇంకా నల్లగా పొగ వస్తూనే ఉంది. రంగులూ, కెమికల్సూ కాబట్టి నీళ్ళు కొడితే ఆరడం లేదట, నురుగు కొడుతున్నారు. ఇద్దరు చనిపోయారు, ఒకరి జాడ తెలియలేదు, యజమాని పరారీలో ఉన్నాడు అని కింద అక్షరాలు పోతున్నాయి. బోర్డు సగం కాలిపోయింది. మిగిలిన సగంలో మా అమ్మ పేరుంది.

ఆయన లేచి టీవీ కట్టేశారు.

"మీ తమ్ముడు తిన్నాడా?"

"లేదండి."

"పెట్టు" అని తోటలోకి వెళ్ళిపోయారు.

మే 10

వాడి చొక్కా, ప్యాంటు ఉతికాను. రెండుసార్లు ఉతికినా థిన్నరు వాసన పోలేదు. ప్యాంటు జేబులో తాళాలున్నాయి. వంటింటి సొరుగులో వేశాను. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

మే 11, ఆదివారం

శ్రీసత్య కాకినాడ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, మామయ్య ఎక్కడున్నాడు? మా రూములో అందరూ ఆ వీడియోలే చూస్తున్నారు. ఆ గోడౌను మా మామయ్యదని ఎవరికీ చెప్పలేదు నేను."

"తెలీదే. అత్తయ్యని అడుగు."

"అత్తకీ తెలీదంట."

"అయితే నాకెలా తెలుస్తుంది?"

అబద్ధం అని కూడా అనలేం. ఆ నిమిషంలో వాడు గదిలో ఉన్నాడో, డాబా మీద తిరుగుతున్నాడో నేను చూడలేదు. దాని పరీక్షలు అయ్యేదాకా దానికి ఇవన్నీ ఎందుకు.

మే 12

పామాయిల్ గెలల కోత. కూలీలు మంచినీళ్ళకి ఇంటి దాకా వస్తారు. ఈసారి నేనే బిందెలు మోయించి తోటలో పెట్టించాను. ఈ ఎండలో వాళ్ళు అంత దూరం నడవడం కష్టం కదా. అందుకే.

భాస్కర్ పగలంతా తలుపు వేసుకునే ఉన్నాడు.

మే 13

ఎండ. ఏమీ లేదు.

మే 14

ఇవాళ కోడికూర అడిగాడు. అడిగాడంటే కాస్త కోలుకున్నట్టే. వండాను. మూడుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఇంతే. అప్పుడు వాడు రెండో క్లాసు. వారం రోజులు ఏమీ ముట్టకుండా, ఒకరోజు ఒక్కసారిగా ఆకలి అని వచ్చాడు. అప్పుడూ నేనే పెట్టాను. నేను అప్పటికి టెన్త్ రాశాను, అంతే.

తిన్నాక వాడంతట వాడే మాట్లాడాడు. ఎవరి ఫోనుతోనో లాయరుతో మాట్లాడుతున్నాడట. ముందస్తు బెయిలుకి వేశారట. వచ్చేదాకా కనబడకూడదట.

"అసలు ఎలా అంటుకుందిరా?"

"ముందు వైపు ర్యాకులు బిగించడానికి వెల్డింగు పెట్టించానక్కా. నిప్పురవ్వ పడింది. థిన్నరు కదా, మెల్లగా అంటుకోవడం ఉండదు. గది మొత్తం ఒక్కసారే భగ్గుమంటుంది."

"పోయిన ఇద్దరూ?"

"వెల్డింగు అతనూ, పక్కన రాడ్లు పట్టుకున్న అతనూ."

"జాడ తెలియని అతను?"

"దొరబాబు గాడు. పారిపోయుంటాడు." కంచంలో చెయ్యి కడిగేశాడు.

దొరబాబు నాకు తెలుసు. రెండేళ్ళ కిందట మా ఇంటికి రంగులేయించినప్పుడు టిన్నులు ఆటోలో వేసుకొచ్చింది అతనే. పొడుగాటి మనిషి. చెప్పులు గేటు బయటే విడిచి, టిన్నులన్నీ మోసి, మజ్జిగ తాగి వెళ్ళాడు. భోజనం చెయ్యమంటే, ఇంటి దగ్గర ఎదురు చూస్తుంటుందండి అన్నాడు.

మే 15

మళ్ళీ టీవీ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

గోడౌను మేనేజరు చెప్పాడట: దొరబాబు బీడీ తాగుతుంటే అంటుకుందని, భయపడి పారిపోయాడని. ఒక ఆఫీసరు ఏం చెప్పాడంటే, ముందు భాగం అంతా వెతికాం, వెనక గదికి బయట నుంచి తాళం వేసి ఉంది కాబట్టి అక్కడ ఎవరూ ఉండే అవకాశం లేదు, పైన స్లాబు ఒరిగిపోయింది, లోపల డ్రమ్ములున్నాయి, నిపుణులు వచ్చాక ఆ వైపు తీస్తాం అని.

తర్వాత దొరబాబు భార్యని చూపించారు. పేరు నాగదుర్గ. ధవళేశ్వరంలో ఉంటారు. సన్నగా ఉంది. ముప్పయ్యేళ్ళు దాటి ఉండవచ్చు. మైకు మొహం మీద పెట్టి, మీ ఆయన్ని ఎక్కడ దాచారని అడుగుతున్నారు. పోలీసులు కూడా అదే అడిగారట, రెండుసార్లు స్టేషనుకి పిలిచి.

"దాచడానికి మాకు రెండో గది కూడా లేదండి" అంది.

మే 16

మాకు మేడ మీదే రెండు గదులున్నాయి.

మే 18, ఆదివారం

కరెంటు లేదు. భాస్కర్ కిందకి దిగి వసారాలో కూర్చున్నాడు. ఆయన తోటలో పైపులు చూసుకుంటున్నారు. ముంజలు తెచ్చి పెట్టాను. గడ్డం గీసుకున్నాడు, మొహం తేటపడింది. బొటనవేలితో ఒక్కొక్కటీ తీసుకుని తింటున్నాడు.

"అక్కా, నా జేబులో తాళాలుండాలి."

"సొరుగులో ఉన్నాయి."

"పాత బావిలో పారెయ్యి."

"ఎందుకు? ఏం తాళాలవి?"

ఇంకో ముంజ తిన్నాడు. నీళ్ళు తాగాడు.

"వెనక షట్టరువి."

ముంజల పళ్ళెం వాడి వైపు జరిపాను.

"దొరబాబు పారిపోలేదక్కా. లోపలున్నాడు."

వాడే చెప్పుకుంటూ పోయాడు, మొదలుపెట్టాక ఆపడం చేతకానట్టు. వెనక గదిలో పెద్ద డ్రమ్ముల్లోంచి థిన్నరు చిన్న టిన్నుల్లోకి పోయిస్తాడట. దానికి లైసెన్సు లేదు. పోసేటప్పుడు ఎవరైనా చూస్తారని షట్టరు దించేసి బయట తాళం వేసుకుంటాడట. పోసే మనిషి ముందు వైపు నుంచి వస్తాడు, పోతాడు. ఆ రోజు ముందు వైపే అంటుకుంది.

"నేను బయట వేపచెట్టు కింద ఫోను మాట్లాడుతున్నాను. మంట చూసి వెనక్కి పరిగెత్తాను. షట్టరు కొడుతున్నాడు."

"తీయలేదా?"

"తాళం చెవి జేబులో ఉందని గుర్తు రాలేదక్కా. నిజంగా. డ్రమ్ములు పేలుతున్నాయి. ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు. అక్కడెవరిదో బండికి తాళం ఉంటే తీసుకుని వచ్చేశాను."

"ఎవరికైనా చెప్పావా?"

"లాయరుకి చెప్పాను. నోరు మూసుకో అన్నాడు. బయట తాళం ఉండగా లోపల శవం దొరికితే అది ప్రమాదం కింద రాదట. బెయిలు రాదట."

ముంజల తొక్కలు ఎత్తి గేదెకి వేశాను. వచ్చేటప్పటికి వాడు పైకి వెళ్ళిపోయాడు. ఆయన వసారా పక్క కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. అన్నం వడ్డించాను. పప్పులో ఉప్పు వేయలేదట, తర్వాత చెప్పారు.

మే 19

వాడు పొరపాటు పడి ఉంటాడు. డ్రమ్ములు పేలుతుంటే షట్టరు చప్పుడు ఎలా వినిపిస్తుంది? రేకు వేడెక్కితే దానంతట అదే కొట్టుకుంటుంది. మా గేదెల పాక రేకులు కూడా మధ్యాహ్నం పూట టకటకమంటాయి. అతను ఎప్పుడో ముందు నుంచి వెళ్ళిపోయి ఉంటాడు. పొడుగాటి మనిషి, బలమైన మనిషి. అంత బరువు టిన్నులు రెండు చేతుల్తో రెండేసి పట్టుకుని మెట్లెక్కాడు.

మే 20

పాక రేకులు ఇవాళ కూడా కొట్టుకున్నాయి. వెళ్ళి చూశాను. ఎవరో కొడుతున్నట్టు మాత్రం ఉండదు ఆ చప్పుడు.

మే 21

భాస్కర్‌ని అడిగాను. "నువ్వు చెప్పకపోతే మానెయ్. ఎవరి చేతైనా ఫోన్ చేయించు. వెనక గది తియ్యమని, అంతే. పేరు చెప్పక్కర్లేదు."

"అక్కా, నీకు అర్థం కావట్లేదు. ఆ తాళం వెనక మనిషి ఉంటాడని ఎవరికి తెలుసు? నాకూ, వాడికీ. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా నేను చేసినట్టే."

"ఆ అమ్మాయిని స్టేషను చుట్టూ తిప్పుతున్నారురా."

"ఒక్క పది రోజులు. బెయిలు రానీ. తర్వాత మనమే చెప్పిద్దాం. ఆవిడకి ఏదైనా చేద్దాం కూడా. నేనేం రాక్షసుణ్ణి కాదక్కా." కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. "నువ్వు కూడా అలా చూస్తే నేనెక్కడికి పోవాలి?"

సరే అన్నాను.

పది రోజులు పెద్ద ఎక్కువేం కాదు. పోయిన మనిషికి పది రోజుల్లో కొత్తగా జరిగేది ఏముంటుంది.

మే 22

మరదలు సుప్రియ ఫోన్ చేసింది, ఎవరో బంధువుల నంబరు నుంచి. "జాగ్రత్తగా చూసుకోండి వదినా, ఆయనకి షుగరు కూడా ఉంది" అంది. చూసుకుంటున్నానని చెప్పాను. రాత్రి పూట చపాతీలు చేస్తున్నానని కూడా చెప్పాను.

మే 23

ఎవరో దొరబాబుని రావులపాలెం అరటి మార్కెట్లో చూశామన్నారట. గెలలు లోడు చేస్తున్నాడట, టవలు తలకి చుట్టుకుని. పోలీసులు నాగదుర్గని జీపులో తీసుకెళ్ళారు, గుర్తుపడుతుందని. మార్కెట్లో చూపించారు ఆమెని. ఎక్కడ చూసినా గెలలు, లారీలు, తలకి టవళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మొహంలోకి చూస్తోంది. వాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. ఎండ నెత్తి మీద ఉంది. ఎవరో ఆమెకి ఒక అరటిపండు ఇచ్చారు. అది చేత్తో పట్టుకునే తిరుగుతోంది.

భాస్కర్ నా వెనక నిలబడి చూశాడు.

"చూశావా అక్కా, జనమే అంటున్నారు. ఏమో, బయటపడ్డాడేమో."

"నువ్వు షట్టరు కొట్టడం విన్నానన్నావు."

"విన్నాననుకున్నాను. ఆ గొడవలో ఏం విన్నానో ఎవరు చెప్పగలరు? పైన కిటికీ కూడా ఉంది దానికి." మళ్ళీ, "ఉందనుకుంటా" అన్నాడు.

సోమవారం నేను రాసుకున్న మాటలే. దాదాపు అవే. వాడు ఈ పుస్తకం చూడలేదు. చూడకుండానే అవే మాటలు అన్నాడు.

రాత్రి చపాతీలు ఇంకో రెండు వేయించుకున్నాడు.

మే 25

రేపు కంటి డాక్టరు దగ్గరికి రాజమండ్రి వెళ్ళాలని ఆయనతో అన్నాను. సరే అన్నారు. ఏ డాక్టరని అడగలేదు.

మే 26, సోమవారం

తాళాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆయన బండి మీద జంగారెడ్డిగూడెం బస్టాండు దాకా దింపారు. బస్సు కదిలేదాకా ఉన్నారు. మామూలుగా అయితే ఉండరు, పనులుంటాయి.

కొయ్యలగూడెం, దేవరపల్లి, కొవ్వూరు. కిటికీ పక్క సీటు దొరికింది. ఏం చెప్పాలో అనుకుంటూ కూర్చున్నాను. అమ్మా నాగదుర్గా అని మొదలుపెట్టాలా, ముందు నేనెవరో చెప్పాలా. గోదావరి వంతెన మీద అందరూ చిల్లర తీసి నీళ్ళలోకి విసురుతున్నారు. పక్కావిడ నాకూ ఒక రూపాయి ఇచ్చింది. విసిరాను. ఏమీ కోరుకోలేదు.

ధవళేశ్వరంలో ఆటోవాడికి పేరు చెప్పగానే తెలిసిపోయింది. "ఆ పారిపోయినాయన ఇల్లా అండి?" అన్నాడు.

ఒకటే గది, ముందు చిన్న అరుగు. లోపల మిషను తొక్కుతున్న చప్పుడు. నైటీలు కుడుతోంది. టీవీలో కంటే చిన్నగా ఉంది.

"ఎవరు కావాలండి? టీవీవాళ్ళా?"

"కాదమ్మా."

"మరి ఆఫీసు నుంచా?"

"ఉదయభాస్కర్ అక్కని."

మిషను ఆపింది. లేచి కుర్చీ మీద గుడ్డలు తీసి మంచం మీద వేసింది. "కూర్చోండి" అంది. నీళ్ళు ఇచ్చింది. తాగాను. దాహంగా ఉంది, తాగేశాను. ఆ ఇంట్లో నీళ్ళు తాగకుండా ఉండాల్సిందేమో అని ఇప్పుడనిపిస్తోంది.

"డబ్బులివ్వడానికి వచ్చారా అండి? నేను తీసుకోను. తీసుకుంటే ఆయనదే తప్పని ఒప్పుకున్నట్టంట."

"డబ్బులు కాదు. మీ ఆయన పారిపోలేదమ్మా."

"ఆ సంగతి నాకు తెలుసండి. ఈ చివర టీ తాగడానికెళ్ళినా చెప్పి వెళ్తారు. చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళరు." నా మొహంలోకే చూస్తోంది, రావులపాలెంలో చూసినట్టు. "ఎక్కడున్నారండి?"

బస్సులో అనుకున్నది ఒక్కటీ రాలేదు.

"వెనక గదిలో. షట్టరు దగ్గర."

"దానికి బయట తాళం ఉందన్నారండి. ఎవరూ ఉండరన్నారు."

"అవును."

"లోపల మనిషుండగానే వేశారా?"

"అవునమ్మా."

"ఎవరండి?"

"మా తమ్ముడు."

బ్యాగులోంచి తాళాలు తీసి మిషను మీద పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు. బయట చేపలమ్మే ఆవిడ కేకేసుకుంటూ వెళ్ళింది. ఆమె కేక వీధి చివరిదాకా వెళ్ళేంతవరకూ మేమిద్దరం అలాగే ఉన్నాం. నాగదుర్గ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. దేనికైనా సిద్ధపడే వెళ్ళాను.

"మరి మొన్న రావులపాలెంలో అంతమంది మొహాలు ఎందుకు చూశానండి నేను?" అంది.

తాళాలు మిషను మీద అలాగే ఉన్నాయి.

"మీకెప్పుడు తెలిసిందండి?"

"నిన్న కాదు, అంతకు ముందు ఆదివారం."

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. తర్వాత, "నాకు చెప్పేసి వెళ్ళిపోదామని వచ్చారా?" అంది.

అవును. నిజం రాసుకోవాలంటే అందుకే వెళ్ళాను. ఆమెకి చెప్పేసి, మధ్యాహ్నం బస్సుకి ఇంటికొచ్చేసి, ఆమె ఎవరికి చెప్పుకుంటే వాళ్ళకి చెప్పుకుంటుందని. నా తమ్ముణ్ణి నేను పట్టించినట్టు కాకుండా.

"నేను చెబితే నమ్మరండి. ఇన్నాళ్ళూ నమ్మారా? మీరే చెప్పాలి. పదండి."

మొహం కడుక్కుంది. జుట్టు ముడేసుకుంది. తలుపుకి గొళ్ళెం పెట్టి, తాళం వేయబోయి ఆగిపోయింది. తాళం చేతిలో పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. వేయకుండానే వచ్చి ఆటో ఎక్కింది.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు మొదట నాగదుర్గని చూసి విసుక్కున్నాడు. "మళ్ళీ ఏంటమ్మా?" ఆమె నా వైపు చెయ్యి చూపించింది. నేను చెప్పాను. మొదట నుంచి కాదు, చివర నుంచి చెప్పాను. ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు.

"పేరు?"

"రత్నమాణిక్యం."

"మీ తమ్ముడు ఇప్పుడెక్కడ ఉన్నాడు?"

"మా ఇంట్లో."

"ఎప్పటి నుంచి?"

"మొదట నుంచీ."

"సొంత తమ్ముడేనా?"

"నేనే పెంచానండి."

అది ఆయన రాసుకోలేదు. దాచినందుకు నా మీద కూడా కేసు ఉంటుందని చెప్పాడు. సరేనన్నాను. ఫోన్లు చేశాడు, ఒకటి జంగారెడ్డిగూడేనికి. మా తోటకి దారి అడిగాడు. పామాయిల్ కలెక్షన్ సెంటరు దాటాక ఎడమ వైపు అని చెప్పాను. బోరు షెడ్డు గుర్తు అని కూడా చెప్పాను. ఎవరైనా చుట్టాలు వస్తుంటే చెప్పినట్టే చెప్పాను.

సాయంత్రం బస్సుకి వచ్చేశాను. ఆయన బస్టాండులో ఉన్నారు.

"తీసుకెళ్ళారు" అన్నారు. "అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కోనిచ్చారు. అక్కేదీ అన్నాడు. రాజమండ్రి వెళ్ళిందన్నాను. ఇంకేమీ అడగలేదు."

బండి ఎక్కాను. ఊరు దాటాక ఆయన బండి ఆపారు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"ఆ రోజు వాడు నీతో చెప్పింది నాకూ వినబడింది. పైపు పట్టుకుని గోడ ఇవతలే ఉన్నాను. నేను వెళ్ళాల్సింది. నీ తమ్ముడు కదా, నువ్వు చూసుకుంటావులే అనుకున్నాను."

బండి స్టార్టు చేశారు.

వాడి కంచం అలాగే ఉంది. వంకాయ కూర, సగం తిన్నాడు. తీసి కడిగాను.

మే 27

క్రేను పెట్టి స్లాబు ఎత్తారు. దొరికాడు. షట్టరుకి ఆనుకుని.

మే 28

టీవీ పెట్టలేదు. ఆయన చూసొచ్చి చెప్పారు. బీడీ మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదట.

మే 30

సుప్రియ: "మీ చేత్తో పెంచి మీ చేత్తోనే అప్పగించారు. మా పిల్లలకి ఇంక మేనత్త లేదనుకుంటాను."

శ్రీసత్య: "నాకు ఎందుకు అబద్ధం చెప్పావమ్మా?"

ఇద్దరికీ ఒకే జవాబు ఇచ్చాను. ఊఁ అన్నాను.

శ్రీసత్య తర్వాత, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానో లేదో గుర్తు రాలేదు.

జూన్ 2

మేడ మీద గది కడిగాను. దిండు ఎండలో వేశాను. వాసన అలాగే ఉంది. మళ్ళీ వేశాను.

జూన్ 4

ఏమీ లేదు.

జూన్ 5

వాన పడింది, తొందరగానే. ఆయన సంతోషంగా ఉన్నారు, అంటే ఉన్నట్టున్నారు. నేను వసారాలో నిలబడి చూశాను. అందరూ ఏడుస్తావు, ఏడిస్తే తేలికవుతుంది అంటారు. అలాంటిదేమీ రావడం లేదు. దిండు తడిసింది.

జూన్ 9

నాగదుర్గ ఫోన్ చేసింది. నా నంబరు స్టేషనులో తీసుకుందట.

"పెద్దకర్మ అయిందండి."

"ఊఁ."

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి. అందరూ నా మంచికేనని ఏదో ఒకటి చెబుతున్నారు. పొగకే పోయుంటాడు, తెలిసుండదు అంటున్నారు. ఆయన షట్టరు కొట్టారా అండి?"

ఆ మాట నేను స్టేషనులో చెప్పలేదు. ఆమె పక్కనే కూర్చుని ఉంది, అందుకని.

"కొట్టారమ్మా."

మిషను చప్పుడు వినిపిస్తుందేమోనని చూశాను. వినబడలేదు.

"ఎంతసేపండి?"

"తెలీదమ్మా. మావాడు అక్కడ ఆగలేదు."

"ఏమన్నా అన్నారా?"

"తెలీదు."

"మీ తమ్ముడికి తెలుసు కదండి."

"తెలుసు."

"అడిగి చెబుతారా?"

"అడుగుతాను" అన్నాను.

జూన్ 12, గురువారం

రాజమండ్రి జైలు. ములాఖాత్‌కి పేరు రాయించుకుని కూర్చున్నాను. రాడనుకున్నాను. వచ్చాడు. జాలీ అవతల నిలబడ్డాడు. చిక్కాడు. పక్కన ఇంకో ఖైదీ వాళ్ళావిడతో గట్టిగా మాట్లాడుతున్నాడు, వినబడాలంటే మేమూ గట్టిగానే మాట్లాడాలి.

"బెయిలు వచ్చేసేదక్కా. రెండు రోజులాగితే."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"ఊఁ."

వాడు ఏడ్చాడు. చెయ్యి జాలీకి ఆనించాడు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే ఆ చెయ్యే పట్టుకుని పడుకునేదాన్ని. నేను నా చెయ్యి ఆనించలేదు. ఆనించకూడదని అనుకోలేదు, రాలేదంతే.

"దొరబాబు ఏమన్నాడురా?" అని అడిగాను.

"ఏంటి?"

"షట్టరు కొడుతూ ఏమన్నా అన్నాడా?"

కానిస్టేబుల్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఆవిడ అడిగిందా?"

"అడిగింది."

జాలీ మీంచి చెయ్యి తీసేశాడు. టైమైపోతుందేమో అనుకున్నాను.

"నేను పరిగెత్తుకెళ్ళి 'దొరబాబూ' అన్నానక్కా. నోట్లోంచి వచ్చేసింది. వాడికి వినబడింది." ఆగాడు. పక్క ఖైదీ వాళ్ళావిడ ఎందుకో నవ్వుతోంది. "తిట్టలేదు. 'వచ్చారా బాబుగారూ' అన్నాడు. అని కొట్టడం ఆపేశాడు."

"ఆపేశాడా?"

"నేను తీస్తానని."

అప్పుడే లోపలికి పిలిచారు. వెళ్ళిపోయాడు. వెళ్తూ వెనక్కి చూశాడేమో, నేను చూడలేదు.

బయటికొచ్చి గోడ పక్కన నీడలో నిలబడి నాగదుర్గకి ఫోన్ చేశాను. ఇంటికెళ్ళాక చేద్దామనుకుంటే మళ్ళీ మాటలు మారిపోతాయి. వాడు ఎలా చెప్పాడో అలాగే చెప్పాను. ఒక్క మాట తీయలేదు, ఒక్క మాట కలపలేదు.

ఫోను కట్టయిందేమో అని చూసుకున్నాను.

"అయితే ఆ ఒక్క నిమిషం ఆయనకి భయం పోయుంటుందండి" అంది నాగదుర్గ.

ఫోను ఆమే పెట్టేసింది.